కుక్కర్లో గుడ్డ మూట

మే నెల సెలవులకు అమలాపురం దగ్గర మా ఊరికి వెళ్లినప్పుడు గాయాలకు కుట్లు వేయడం సాధన చేద్దామనుకున్నాను. చర్మానికి బదులు చక్కెరకేళి పండు. పండు ఎలాగూ స్టెరైల్ (క్రిములు బొత్తిగా లేనిది) కాదు. అలవాటు పడాల్సింది నా చేతులు. అందుకే ఆపరేషన్ థియేటర్ నియమాలన్నీ మా వంటింటి గట్టు మీదే పాటించాలని పట్టుబట్టాను.

సూదిని పట్టే నీడిల్ హోల్డర్, పట్టకారు లాంటి ఫోర్సెప్స్, కత్తెర సబ్బునీటితో తోమి, నోళ్లు తెరిచి ఉంచి, రెండు పొరల నూలు గుడ్డలో చుట్టాను. కుక్కర్లో నీళ్లకు పైన చిల్లుల పళ్లెం, దాని మీద మూట. లోపలి ఆవిరి 121 డిగ్రీలకు చేరాక, గుడ్డ చుట్టిన పరికరాలకు 30 నిమిషాలు కావాలి. ఆ అరగంటా అమ్మ, పప్పు ఎప్పుడు పెట్టుకోవాలని అడుగుతూనే ఉంది.

మూత తీస్తే మూట తడిసి ముద్దయింది. క్రిములు చచ్చాయిగా, తడైతేనేం అనుకున్నాను. నాయనమ్మ ఊరుకోలేదు. "తడి తగిలితే ఆవకాయే బూజు పడుతుంది. నీ గుడ్డ సంగతి చెప్పాలా?"

నవ్వబోయి ఆగాను. తడిసిన ప్యాక్‌ను మా థియేటర్ నర్సు విప్పకుండానే పక్కన పడేసేది. వత్తి నూనెను పీల్చినట్టు తడి గుడ్డ బయటి క్రిములను లోపలికి లాగుతుంది.

మళ్లీ మొదటినుంచి. ఈసారి ఆవిరి పోయాక మూత ఓరగా తీసి అరగంట కదపలేదు. వేడి మూటను నేరుగా చల్లటి గట్టు మీద పెట్టినా అడుగున చెమ్మ పడుతుంది. కోనసీమ గాలికి ఆ సాయం కూడా అక్కర్లేదు. పూర్తిగా చల్లారేదాకా మూటను కుక్కర్లోనే ఉంచాను.

గట్టును స్పిరిట్‌తో తుడిచి, దుమ్ము రేగకుండా ఫ్యాను ఆపాను. మూట మొదటి మడతను నాకు అవతలికి, తర్వాత పక్కలవి, చివరిది నా వైపుకు విప్పాను. పరిచిన గుడ్డ అంచున అంగుళం మేర స్టెరైల్ కింద లెక్క కాదు. చేతులు మోచేతుల దాకా కడిగి, గ్లోవ్స్ వేసుకుని, వాటిని నడుము కిందికి దించకుండా నిలబడ్డాను. ఫ్యాను లేని ఉక్కకు ముక్కు మీంచి చెమట చుక్క సరిగ్గా గుడ్డ మధ్యలో పడింది.

మూడోసారి రాత్రి భోజనాలయ్యాక, నుదుటికి తుండుగుడ్డ కట్టుకుని మొదలుపెట్టాను. ఆరు కుట్లు పడ్డాయి. రెండు తొక్కను చీల్చేశాయి.