మోటుపల్లి కావలివాడికి 125 పాయింట్లు: పాత్రల నిర్మాణంలో మూడు వారాల పని

ఒక్కొక్కరు ఒక్కో పాత్రను నడుపుతూ, పాచికల సాయంతో కలిసి కథ అల్లే పాత్రధారణ ఆట (రోల్ ప్లేయింగ్ గేమ్) ఆడే మా బృందం కోసం కాకతీయ గణపతిదేవుని కాలపు మోటుపల్లి రేవులో జరిగే కథ ఒకటి సిద్ధం చేస్తున్నాను. తుపానుకు ఒడ్డుకు కొట్టుకువచ్చిన ఓడల సరకును పాలకులు స్వాధీనం చేసుకునే పాత పద్ధతిని మాన్పించి, ఇకపై సుంకం మాత్రమే తీసుకుంటామని గణపతిదేవుడు 1244లో వర్తకులకు అభయమిస్తూ వేయించిన శాసనం ఈ కథకు పునాది. శాసనం వెలిసిన కొద్ది రోజులకే ఒక ఓడ బద్దలై తీరానికి చేరితే ఆ సరకు ఎవరిది అన్నదే ఆటలోని తగవు. యోధుడు, మాంత్రికుడు వంటి ముందే పోతపోసిన పాత్రల తరగతులు దీనికి పనికిరావు కనుక, పాయింట్లతో మనిషిని మొదటినుంచి మలుచుకోనిచ్చే గర్ప్స్ (GURPS) అనే పాత్రధారణ ఆటను ఎంచుకున్నాను. 1986లో స్టీవ్ జాక్సన్ గేమ్స్ తెచ్చిన ఈ ఆటలో నేను వాడుతున్నది 2004 నాటి నాలుగవ కూర్పు.

బలం, చురుకుదనం, బుద్ధి, ఆరోగ్యం అనే నాలుగు మూల లక్షణాలు అందరికీ 10 దగ్గర ఉచితంగా మొదలవుతాయి. బలం, ఆరోగ్యం ఒక్కో మెట్టుకు 10 పాయింట్లు, చురుకుదనం, బుద్ధి ఒక్కో మెట్టుకు 20 పాయింట్లు ఖర్చవుతాయి. పాత్రకు లోపాలను తీసుకుంటే కొన్ని పాయింట్లు తిరిగి వస్తాయి. ఏ పనికైనా మూడు పాచికలు వేసినప్పుడు మొత్తం మన నైపుణ్యపు అంకెను దాటకుండా ఉంటే పని నెరవేరినట్టే. నేను తలా 125 పాయింట్లు ఇచ్చి, లోపాల ద్వారా 50కి మించి, చిన్న చిన్న అలవాట్ల ద్వారా 5కి మించి వెనక్కి రాబట్టుకోకూడదని హద్దు పెట్టాను.

మొదటి వారం ఫలితం నన్ను నిరుత్సాహపరిచింది. వర్తకుడి కావలివాడిని తయారుచేసిన మిత్రుడు బలం 11, చురుకుదనం 14, బుద్ధి 13, ఆరోగ్యం 11 తీసుకుని 160 పాయింట్లు వాటికే పెట్టాడు. లోపాలు, అలవాట్లు కలిపి 55 వెనక్కి వచ్చాయి. మిగిలిన 20 పాయింట్లతో ఒక్కొక్క పాయింటు చొప్పున ఇరవై విద్యలు కొన్నాడు. చురుకుదనం మీద ఆధారపడే సాధారణ విద్య ఏదైనా ఒక్క పాయింటుకే 13 దగ్గర నిలుస్తుంది, అంటే నూటికి దాదాపు 84 సార్లు నెగ్గుతాడు. మిగిలిన పాత్రలూ ఇదే దారిలో వచ్చాయి. అందరూ అన్నీ చేయగలిగినప్పుడు ఎవరికీ ఎవరి అవసరమూ ఉండదు, ఇక వారు కలిసి ప్రయాణించడానికి కారణమే కనిపించదు.

తప్పు మిత్రులది కాదు, ధరలలో ఉంది. ఒక విద్యను పై మెట్లకు తీసుకువెళ్లడానికి మెట్టుకు 4 పాయింట్లు పడుతుండగా, 20 పాయింట్లతో చురుకుదనం ఒక మెట్టు పెంచితే దాని కింది విద్యలన్నీ ఒకేసారి పెరుగుతాయి, విడిగా కొంటే 5 పాయింట్లయ్యే 0.25 పెరుగుదల వేగపు అంకెలో కూడా కలిసి వస్తుంది. నాలుగైదు విద్యలు దాటిన ఎవరికైనా మూల లక్షణమే చవక. అందువల్ల రెండవ వారంలో చురుకుదనం, బుద్ధి 12 దాటకూడదని నియమం పెట్టి, అందరి పాత్రల వివర పత్రాలనూ మళ్లీ రాయించాను.

కావలివాడు ఇప్పుడు నిజంగా ఒక మనిషిలా ఉన్నాడు. బలం 12, చురుకుదనం 12, బుద్ధి 11, ఆరోగ్యం 12 కలిపి 100 పాయింట్లు. పోరాటంలో తడబడని అప్రమత్తతకు 15, నొప్పిని ఓర్చుకునే గుణానికి 10. లోపాలలో సహచరుల పట్ల బాధ్యత 5, సైనికుడి నీతి 10, కోపం 10, సముద్రమంటే భయం 10, చదువు రాకపోవడం 3 వెనక్కి ఇచ్చాయి. అలవాట్లు మరో 3 ఇచ్చాయి. విద్యలకు 41 మిగిలాయి.

ఈటె దగ్గర మేము చాలాసేపు ఆగాము. 12 పాయింట్లు పెడితే ఈటె 15కు చేరుతుంది, 8 పెడితే 14. దెబ్బను అడ్డుకునే అంకె నైపుణ్యంలో సగానికి 3 కలిపి, భిన్నం వదిలేస్తే వస్తుంది కనుక, అప్రమత్తత ఇచ్చే ఒకటితో కలిపి రెండు చోట్లా 11 మాత్రమే. దాడిలోనూ తేడా నూటికి అయిదు కన్నా తక్కువ. పెన్సిలుతో రాసిన 15ను చెరిపి 14 చేశాము. ఆదా అయిన 4 పాయింట్లలో రెండు పాయింట్లు యాసతో కూడిన తమిళం మాట్లాడడానికీ, మరో రెండు పాయింట్లు గాయాలకు కట్టు కట్టడానికీ వెళ్లాయి. రేవులో పనిచేసేవాడికి ఆ రెండూ ఈటె కంటే ఎక్కువసార్లు అక్కరకు వస్తాయని నా నమ్మకం.

మూడవ వారం చిన్న పరీక్ష ఆట ఆడాము. ఒడ్డున తగవు తేలక, దూరంగా లంగరు వేసిన మరో ఓడ యజమానిని సాక్ష్యానికి పిలవడానికి అందరూ పడవ ఎక్కవలసి వచ్చింది. భయాన్ని అణచుకోవడానికి కావలివాడికి 12 లేదా తక్కువ రావాలి. పాచికలు 11 చూపించాయి. నెగ్గినా, భయానికి కారణం ఎదుట ఉన్నంతసేపూ విద్యలన్నిటికీ 2 తగ్గుతుంది, పది నిమిషాలకొకసారి మళ్లీ వేయాలి. నూటికి 90 సార్లు తగిలే ఈటె ఒక్కసారిగా 74కు పడిపోయింది. రెండవసారి 14 పడింది. అది 12 దాటడంతో కావలివాడు తెడ్డు వేస్తున్న బెస్తవాడి భుజం పట్టుకుని పడవ అడుగున కూర్చుండిపోయాడు. అంతవరకూ పక్కన నిలబడిన మరో పాత్ర, వర్తకురాలు, ముందుకు వచ్చి ఓడవారితో మాట్లాడవలసి వచ్చింది. మొదటి పత్రాలతో అయితే ఆ అవకాశం ఆమెకు దక్కేదే కాదు.

ఆట ముగిశాక మిత్రుడు భయాన్ని ఇంకా తీవ్రం చేసి, నిగ్రహపు అంకెను 12 నుంచి 9కి దించి 15 పాయింట్లు తీసుకుంటానని అడిగాడు. నేను ఒప్పుకోలేదు. 9 అంటే నూటికి 37 సార్లే నెగ్గడం, రేవు కథలో అది పాత్రను సగం ఆటకు దూరం చేస్తుంది. వచ్చే వారం వర్తకురాలి సంపద ధర తేల్చాలి. 20 పాయింట్లకు సంపన్నురాలు, 30కి మహా సంపన్నురాలు. బద్దలైన ఆ ఓడలో ఆమె సరకు ఎంత ఉందో ముందు నిర్ణయించుకుంటే తప్ప ఏది ఎంచుకోవాలో తేలదు.