కాట్నిస్‌తో రెండోసారి: 20వ అధ్యాయం వరకు

సుజాన్ కాలిన్స్ 2008లో వెలువరించిన 'ద హంగర్ గేమ్స్'ను మళ్లీ చదువుతున్నాను. పిల్లల్ని ఒక్కరే మిగిలేదాకా చంపుకోమని వదిలి, దాన్ని దేశమంతా టీవీలో చూపించే ఆట కథ ఇది. కాట్నిస్, పీటా ఒకే ఊరి నుంచి ఆ ఆటకు వెళ్లిన అమ్మాయి, అబ్బాయి. మొదటిసారి ఎవరు బతికి బయటపడతారన్న ఆత్రంలోనే పేజీలు తిరిగిపోయాయి. ఈసారి పని వేరు. కాట్నిస్ పీటా మీద చూపించే ప్రేమలో నిజమెంత, కెమెరాల కోసం చేసిందెంత అని గుర్తు పెట్టుకుంటూ వెళ్తున్నాను. కథ తెలియనివారు ఇక్కడే ఆగండి, మలుపులన్నీ చెప్పేస్తాను.

మనసులోంచి వచ్చినదానికి పసుపు చీటీ, ప్రేక్షకుల కోసం చేసినదానికి నీలం చీటీ. పేజీ అంచున అంటించి, నోటుపుస్తకంలో పేజీ నంబరు, ఒక్క వాక్యం రాసుకుంటాను. మొత్తం 27 అధ్యాయాలు, తొమ్మిదేసి చొప్పున మూడు భాగాలు కాబట్టి ఒక్కో భాగం పూర్తయ్యాక ఆగి చీటీలు తిరగేయడం సులువు. అధ్యాయాలు ఉత్కంఠ దగ్గరే ముగుస్తాయి, అక్కడ పుస్తకం మూయడం ఎవరి తరమూ కాదు. అందుకే మధ్యలో, సన్నివేశం మారేచోట ఆపుతున్నాను. చిన్న చిన్న వాక్యాల్లో అంతా కాట్నిస్ గొంతుతోనే సాగుతుంది. ఇంగ్లీషు నవలలు కొత్తగా మొదలుపెట్టేవారికీ బాగుంటుంది.

మొదటి భాగంలో చీటీలు తక్కువే, కానీ రొట్టెల సంఘటన దగ్గర చాలాసేపు ఉండిపోయాను. తండ్రి గని ప్రమాదంలో పోయాక, పదకొండేళ్ల కాట్నిస్ ఆకలితో వానలో బేకరీ వెనక కూలబడి ఉంటుంది. పీటా కావాలనే రొట్టెలు మాడ్చి, తల్లి చేత దెబ్బ తిని, వాటిని ఈమె వైపు విసురుతాడు. ఆమె ఒక్కసారైనా కృతజ్ఞత చెప్పదు. ఆ మేలును బాకీలా ఏళ్ల తరబడి మోస్తుంది. ఎవరైనా మంచి చేస్తే ముందు లెక్క చూసుకోవడం, ఆ తర్వాత అనుమానించడం ఆమె తత్వం. ఆటకు ముందు టీవీ ఇంటర్వ్యూలో పీటా ఆమె మీద ప్రేమ సంగతి బయటపెట్టగానే అతణ్ణి తోసేస్తుంది, పగిలిన పూలకూజా ముక్కలు అతని చేతుల్లో దిగుతాయి. అయినా నాకు ఆమె మీద ఇష్టం తగ్గలేదు. ఆకలి నేర్పిన జాగ్రత్త అది.

రెండో భాగంలో పీటా పెద్దగా కనిపించడు. నా నియమంలో లేకపోయినా, ఆటలో తనతో జట్టుకట్టి, చనిపోతున్న చిన్నారి రూ కోసం కాట్నిస్ పాడిన పాటకు పసుపు చీటీ పెట్టాను.

ఇప్పుడు మూడో భాగం, గాయపడ్డ పీటాను కాట్నిస్ దాచిన గుహ. ముద్దు పెట్టగానే ఆకాశం నుంచి వేడి సూప్ దిగుతుంది. ముద్దుకు గిన్నెడు సూప్ అన్నది, బయటి నుంచి ఇలాంటివి పంపించే వాళ్ల మార్గదర్శి హేమిచ్ బేరమని ఆమెకు వెంటనే అర్థమవుతుంది. అది అచ్చమైన నీలం. కానీ 20వ అధ్యాయం నా పద్ధతినే తికమక పెట్టింది. సంతోషపడిన రోజు ఏదైనా చెప్పమని పీటా అడిగితే, చెల్లెలు ప్రిమ్ కోసం మేక కొన్న కథ చెబుతుంది. డబ్బు స్నేహితుడు గేల్‌తో కలిసి దొంగతనంగా వేటాడిన జింకను అమ్మగా వచ్చింది. దేశమంతా వింటోంది కాబట్టి అమ్మ పాత లాకెట్ అమ్మానంటుంది. సంతోషం నిజం, లాకెట్ అబద్ధం. కాసేపటికే తీపి పండ్ల గుజ్జులో నిద్రమందు కలిపి, అతను ఉమ్మేయకుండా నోరూ ముక్కూ అదిమి మింగిస్తుంది. అతని ప్రాణం కాపాడే మందు తేవడానికే ఆ మోసం. ఆ రెండు పేజీలకూ రెండు రంగులూ అంటించాను.

మిగిలిన 7 అధ్యాయాలకు నోటుపుస్తకంలో ఇంకో గడి గీసుకున్నాను. ఏది నిజమని పీటా నమ్మి ఉంటాడో అందులో రాస్తాను. చివరి రైలు ప్రయాణంలో అతను అడిగే ప్రశ్నలకు ఆ గడి అవసరమవుతుంది.