పాకాల అడవిలో చెట్ల చుట్టరికాలు

హనుమకొండ నుంచి నర్సంపేట దాకా దారి పొడవునా మిర్చి కల్లాలే కనుక ఆ ప్రయాణం గురించి రాయవలసింది పెద్దగా లేదు. కాకతీయ గణపతిదేవుని కాలంలో, 1213 ప్రాంతంలో కట్టించిన పాకాల చెరువుకు వచ్చేవారిలో ఎక్కువ మంది గట్టు మీద కాసేపు కూర్చుని తిరిగి వెళ్తారు. వృక్షశాస్త్రం బోధించే మా బావగారు వెంట ఉండటం వల్ల మేము మాత్రం ఏ చెట్టుకు ఏ చెట్టు చుట్టమో వెతుక్కుంటూ అడవిలో తిరిగాము.

మార్చి నెల కావడంతో ఇప్పచెట్ల కింద పూలు రాలి ఉన్నాయి. బావగారు ఒక ఆకు తొడిమ తుంచగానే తెల్లని పాలు ఊరాయి. సపోటా కాయను తుంచినా ఇలాగే పాలు కారుతాయనీ, మెక్సికో ప్రాంతం నుంచి వచ్చిన సపోటా, మన ఇప్ప, గుడి ఆవరణల్లో పెంచే పొగడ ఒకే కుటుంబానికి చెందినవనీ ఆయన చెప్పారు. అయితే పాలు కారినంత మాత్రాన చుట్టరికం తేలదు. మర్రికీ జిల్లేడుకూ కూడా పాలున్నాయి, కానీ అవి వేర్వేరు కుటుంబాలవి. నున్నగా మెరిసే గింజ, దాని మీద పాలిపోయిన మచ్చ, పువ్వు నిర్మాణం, ఇవన్నీ కలిస్తేనే సాక్ష్యం నిలుస్తుంది.

అంతకంటే నన్ను ఆశ్చర్యపరచినది టేకు. నరికిన మోడు నుంచి లేచిన పిలకను వేళ్ల మధ్య తిప్పి చూస్తే నాలుగు పలకలు స్పష్టంగా తగిలాయి, ఆకులు ఎదురెదురుగా జంటలుగా ఉన్నాయి. ఇంటి ముందరి తులసి కాడ కూడా అంతే. 1862–1883 మధ్య వెలువడిన, వృక్షశాస్త్రవేత్తలు బెంథామ్, హుకర్‌ల వర్గీకరణలో టేకు వేరే కుటుంబంలో ఉండేది. పూల నిర్మాణాన్నీ డీఎన్ఏనూ పరిశీలించిన తర్వాత దానిని తులసి కుటుంబంలోకి మార్చారు. మాకు దారి చూపిన ఊరి పెద్దాయన ఈ మాట విని నవ్వారు. ఆయన లెక్కలో చెట్లు కలపకు, మేతకు, మందుకు, వంటచెరకుకు పనికివచ్చేవి. అడవి మీద బతికేవారికి ఆ విభజనే అక్కరకొస్తుంది, దానిని తక్కువ చేయడం నాకు ఇష్టం లేదు. శాస్త్రం అడిగే ప్రశ్న మాత్రం పూర్వీకుల గురించి.

చెరువు అంచున పేరుకున్న పచ్చని తెట్టులో నీలి ఆకుపచ్చ శైవలాలు కూడా ఉండవచ్చునని బావగారు అన్నారు. మొక్కల్లాగే ఎండతో ఆహారం తయారుచేసుకున్నా, కణంలో కేంద్రకం లేనందున అవి బాక్టీరియాలే. జీవశాస్త్రవేత్త విటేకర్ 1969లో జీవులన్నిటికీ ప్రతిపాదించిన అయిదు రాజ్యాల్లో వాటి చోటు కేంద్రకం లేని జీవుల రాజ్యమైన మోనెరా. సూక్ష్మజీవుల ఆర్ఎన్ఏను పోల్చి చూసిన కార్ల్ వోస్ 1990లో జీవులన్నిటినీ మూడు డొమైన్లుగా, అంటే రాజ్యాల కంటే పై స్థాయి విభాగాలుగా, విడదీసినప్పుడు మోనెరా కూడా రెండుగా చీలిపోయింది.

పాకాలలో మొసళ్లున్నాయి గానీ మాకు కనబడలేదు. ఒక ఉడుము మాత్రం దారి దాటింది, ఒడ్డున కొంగలు మేస్తున్నాయి. చూపుకు మొసలి ఉడుముకే దగ్గర. అయినా మొసలి గుండెకు పక్షి గుండెలాగే నాలుగు గదులున్నాయి. నేడు బతికివున్న జీవుల్లో దానికి అతి దగ్గరి బంధువులు పక్షులే. ఒక పూర్వీకుని సంతానమంతా ఒకే సమూహంలో ఉండాలన్న జీవశాస్త్రవేత్త విల్లీ హెన్నిగ్ సూత్రాన్ని ఖచ్చితంగా పాటిస్తే కొంగలను కూడా సరీసృపాల్లోనే చేర్చవలసి ఉంటుంది. బడి పుస్తకాలు ఇప్పటికీ వీటిని రెండు వేర్వేరు తరగతులుగానే చూపుతున్నాయి; పిల్లలకు గుర్తుపట్టడం నేర్పేందుకు అది సరిపోవచ్చు గానీ, పై తరగతుల్లోనైనా ఈ బంధుత్వాన్ని వివరించాలని నా అభిప్రాయం.