మూడో సీఓ కొట్టేశాను

నిన్న రాత్రి పదకొండింటి దాకా సీఓలు తిరగరాస్తూ కూర్చున్నాను. ఎంబీఏ కాలేజీలో పాఠాలు చెప్పేవాళ్లకి టెన్షన్ రావడానికి ఈ రెండక్షరాలు చాలు. కోర్స్ అవుట్‌కమ్స్, అంటే సెమిస్టర్ అయ్యేసరికి ఈ సబ్జెక్టులో పిల్లలకి ఏం వచ్చి ఉండాలో చెప్పే ఐదారు వాక్యాలు. వాటిని ఎంబీఏకి ఎన్‌బీఏ (కోర్సులకి గుర్తింపునిచ్చే జాతీయ బోర్డు) ఇచ్చిన ఐదు పీఓలతో, అంటే మొత్తం ఎంబీఏ అయ్యేసరికి రావాల్సిన ప్రోగ్రామ్ అవుట్‌కమ్స్‌తో, ఒక పట్టికలో జతచేసి, ఏది దేనికి ఎంత దగ్గరో గడిగడికీ 1, 2, 3 వెయ్యాలి. పక్క సబ్జెక్టు ఫైలు తెచ్చుకుని పేరు మార్చేసిన రోజులు నాకూ ఉన్నాయి.

నా ఫైనాన్స్ సబ్జెక్టులో మూడోది నాలుగేళ్లుగా ఇదే: "విద్యార్థి వర్కింగ్ క్యాపిటల్ ప్రాముఖ్యతను అర్థం చేసుకుంటాడు." వర్కింగ్ క్యాపిటల్ అంటే వ్యాపారం రోజువారీ నడవడానికి కావలసిన డబ్బు. అర్థమైందని మనకెలా తెలుస్తుంది? పరీక్షలో "ప్రాముఖ్యతను వివరించండి" అంటాం, గైడులోని ఆరు పాయింట్లు దించేస్తారు, మార్కులేస్తాం. అటైన్‌మెంట్, అంటే ఆ సీఓని పిల్లలు ఎంతవరకు అందుకున్నారన్న లెక్క, 3కి 2.6. ఫైలు మాత్రం కళకళలాడుతుంది.

పోయిన నెల ఓ కిరాణా కొట్టు లెక్క బోర్డు మీద వేశాను. సరుకు అమ్ముడుపోవడానికి 45 రోజులు, అరువు వసూలవడానికి 30, హోల్‌సేల్ వాళ్లిచ్చిన గడువు 20. కొట్టాయన సొంత డబ్బు ఎన్నాళ్లు ఇరుక్కుంటుంది? ఇంటర్నల్స్‌లో 20కి 18 తెచ్చుకున్న అమ్మాయి ఫార్ములా పేరు టక్కున చెప్పి, అక్కడే ఆగిపోయింది. వెనక బెంచీలోంచి "55 మేడం" అని వినిపించింది. అకౌంట్స్ బ్యాక్‌లాగ్ ఉన్న కుర్రాడు!

"ఎలా చెప్పావురా?"

"మా నాన్నది గుంటూరు మిర్చి యార్డులో కమీషన్ వ్యాపారం మేడం. రైతుకి ముందివ్వాలి, కొన్నవాళ్లు తర్వాతెప్పుడో ఇస్తారు. ఇంట్లో రోజూ ఇదే గోల. ఈ కొట్టాయన అరువు పది రోజులు తగ్గిస్తే సరి."

అప్పుడు ఆ అమ్మాయి వెనక్కి తిరిగి, "తగ్గిస్తే జనం పక్క కొట్టుకి పోరా?" అంది. పావుగంట వాదించుకున్నారు. నేను సుద్దముక్క పక్కన పెట్టేశాను.

రాత్రి ఆ మూడోది కొట్టేసి ఇలా రాశాను: "చిన్న వ్యాపారం మూడు నెలల ఖాతా ఇస్తే, డబ్బు ఎక్కడ ఎన్ని రోజులు ఇరుక్కుందో లెక్కగట్టాలి. తగ్గించే దారి ఒకటి, దానివల్ల వచ్చే నష్టం ఒకటి చెప్పాలి." నేర్చుకోవడాన్ని ఆరు మెట్లుగా చెప్పే బ్లూమ్స్ మెట్లలో అర్థం చేసుకోవడం రెండోది. ఇది విశ్లేషించే నాలుగు దాటి, బేరీజు వేసే ఐదులోకి పోతుంది. పొద్దున మా కోఆర్డినేటర్ చూసి, "గడిలో పట్టదు మేడం. అటైన్‌మెంట్ పడిపోతే ఎవరు జవాబు చెప్తారు?" అన్నారు. పడిపోతుంది, నిజమే. మొదటి ఏడాది 1.5 వచ్చినా నాకు ఎక్కువే.

ఇక పరీక్షకి అసలు ఖాతా ఒకటి కావాలి. వాళ్ల నాన్న పాత పుస్తకం, పేర్ల మీద కాగితం అతికించి సోమవారం తెస్తానన్నాడు కుర్రాడు.