పదహారు చింతగింజలు

అత్తమ్మ దగ్గు ఈ రాత్రి కాస్త నయం. అయినా నాకే నిద్ర పడతలేదు.

పొద్దున ఐదో తరగతిలో ఒకడు పక్కవాణ్ణి "చారాణ కోడికి బారాణ మసాలా" అని వెక్కిరించాడు. చారాణ అంటే ఎంతరా అంటే తెల్లమొహం వేశాడు. పావలా బిళ్ళ చెల్లుబాటు 2011 జూన్‌తోనే ఆగింది, వీళ్ళెవరూ అప్పటికి పుట్టలేదు. సరేనని తలా పదహారు చింతగింజలు పంచాను. పదహారు అణాలు ఒక రూపాయి. కోడికి నాలుగు, మసాలాకు పన్నెండు, రూపాయి అయిపోయింది. ఒకటే నవ్వులు. 1957లో రూపాయికి వంద పైసలయ్యాయని, అంతకుముందు మన దగ్గర నిజాం సొంత రూపాయి, హాలీ సిక్కా నడిచేదని, ఏడు హాలీ రూపాయలకు ఆరు కల్దారు రూపాయలు, అంటే ఇంగ్లీషువాళ్ళ రూపాయలు, వచ్చేవని చెప్తున్నా, అప్పుడే ఆఫీసరు తనిఖీకి వచ్చారు.

చెప్పులతో గింజల వరుసల మీంచే నడిచారు. "ఇదేం పాఠం మేడం? వర్క్‌బుక్ ఎక్కడిదాకా అయింది?" పిల్లల ముందే. పిల్లలు గబగబా గింజలు జేబుల్లో దాచుకున్నారు, ఏదో తప్పు చేసినట్టు. నాకు అదే కాలింది. బస్సులో నల్లగొండ దాకా నోటికొచ్చిన జవాబులన్నీ మనసులో ఆయనకు అప్పజెప్పాను. ఇంటికొచ్చి మా ఈయనకు కూడా రెండుసార్లు చెప్పాను.

కానీ అన్నం వండుతుంటే ఇంకోటి గుర్తొచ్చింది. వెనక బెంచీ పిల్లాణ్ణి లేపి ఒక వాక్యం చదవమన్నారాయన. వాడు సగంలో ఆగిపోయాడు. గింజలాటలో అందరికంటే గట్టిగా అరిచింది వాడే, నేను మురిసిపోయాను. ఆ ఒక్క విషయంలో ఆయన అడిగింది న్యాయమే. రేపటినుంచి వాడిని ముందు కూర్చోబెట్టుకోవాలి.

నిద్ర పట్టనిది మాత్రం దానికి కాదు. ఆయన వెళ్ళాక తెలంగాణ సాయుధ పోరాటంలో కడవెండి ఊరి పాఠం తీశాను. దొడ్డి కొమరయ్య అమరుడైన రోజు, 1946 జులై 4 అని బోర్డు మీద రాశాను. ఆ ఊరు అప్పట్లో మన జిల్లాలోదే. దొర ఉండే గడీ, వెట్టిచాకిరీ గురించి చెప్తుంటే ఒక పిల్ల గుప్పిట్లో గింజలు పట్టుకొనే అడిగింది: "టీచర్, వెట్టి చేసినోళ్ళకు ఎన్ని గింజలియ్యాలె?"

ఏమీ ఇయ్యరన్నాను.

"మరెందుకు చేసిన్రు?"

భయానికి అన్నాను. బెల్లు కొట్టారు.

మా నాయనమ్మ వింటే ఆ జవాబుకు ఒప్పుకునేది కాదు. వాళ్ళ నాయన కుండలు చేసేవాడు. కాల్చినవి చల్లారాక ఒక్కోటీ వేలితో కొట్టి చూసేవాడట. కంగుమన్నవి గడీకి, మొద్దుగా మోగినవి ఇంటికి. కుండలు చేసే ఇంట్లో ఎప్పుడూ కారే కుండలోనే నీళ్ళు తాగామని, కింద తడి అయితే అమ్మ తిట్టేదని చెప్పేది. భయం ఉండేది, నిజమే. కానీ మట్టి తవ్వుకోవాలన్నా, అప్పు పుట్టాలన్నా, అసలు ఊళ్ళో ఉండాలన్నా దొర మాట దాటే దారి లేదు. కొంగుముడి విప్పి చిల్లర లెక్కపెట్టేటప్పుడు చివరిదాకా ఆఠాణ, బారాణ అనేది. ఆ కుండలకు మాత్రం ఎన్ని అణాలో ఆమె నోట ఎప్పుడూ వినలేదు.

రేపు మళ్ళీ గింజలు పంచి అంగడి ఆట పెట్టిస్తాను. కుండలవాళ్ళు, బట్టలవాళ్ళు, కూరగాయలవాళ్ళు. ఒకరు పొద్దంతా పని చేస్తారు, గింజ రాదు. ఆ చోట్లో ఏ పిల్లను కూర్చోబెట్టాలా అని ఇందాకటినుంచి ఆలోచిస్తున్నా. ఎవర్నీ కూర్చోబెట్టబుద్ధి కావట్లేదు. నేనే కూర్చుంటాను.