బోట్ కాస్తా బాట్ అయింది

స్కూళ్లు తెరిచిన రెండో వారానికే పాప డైరీలో ఎర్ర ఇంకుతో నోట్ వచ్చింది. కర్సివ్ రావట్లేదు, ఇంట్లో ప్రాక్టీస్ చేయించండి అని. పాప రెండో తరగతి. పాత స్కూల్లో ఇంగ్లిష్ అక్షరాలు విడివిడిగానే రాయించారు. ఎంవీపీ కాలనీకి ఇల్లు మారాక చేర్పించిన కొత్త స్కూల్లో అన్నీ కలిపి రాయాలట.

ముందుగా నేను చేసిన తప్పు, జగదాంబ జంక్షన్‌కి వెళ్లి చుక్కల మీద దిద్దే పుస్తకాలు మూడు కొనుక్కురావడం. నెల తిరక్కుండా రెండు పూర్తి చేసింది. ముత్యాల్లాంటి అక్షరాలు! మురిసిపోయి తెల్ల కాగితం ఇస్తే మళ్లీ మొదటికే వచ్చింది. ఒక అక్షరం రాసి పెన్సిల్ ఎత్తడం, ఇంకోటి రాసి ఎత్తడం, ఆనక రెండిటి మధ్యా చిన్న గీత గీసి అతికించడం, చిరిగిన నోటుకి టేపు వేసినట్టు. చుక్కల మీద దిద్దేటప్పుడు కూడా చెయ్యి ఎత్తుతూనే ఉందని, నేను పక్కన కూర్చుని చూడలేదు కాబట్టి తెలియలేదు. మూడో పుస్తకం ఇప్పటికీ అటక మీదే ఉంది.

అసలు తనని అని లాభం లేదు. తెలుగు రాసేటప్పుడు మనం తలకట్టో, గుడో, ఒత్తో పెట్టి ఆ అక్షరం సంగతి తేల్చాకే పక్కదానికి వెళ్తాం. పాప ఇంగ్లిష్‌నీ అలాగే రాస్తోంది. మాట మధ్యలో ఆగి ఐ మీద చుక్క పెట్టేది, టీకి అడ్డగీత గీసేది. మాట మొత్తం అయ్యాకే అవి అని చెప్పి చెప్పి నా నోరు నొప్పి పుట్టింది.

ఓ శుక్రవారం పొద్దున్న మా అత్తగారు గుమ్మం ముందు ముగ్గు వేస్తూ, "ఏటమ్మా, దాన్నలా ఏడిపిస్తన్నావు? ఇటు పంపు" అన్నారు. పలక మీద చుక్కలు పెట్టి బలపం చేతికిచ్చారు. మెలికల ముగ్గు. చుక్కల చుట్టూ తిరుగుతూ బయల్దేరిన చోటికే రావాలి, మధ్యలో చెయ్యెత్తితే ముగ్గు తప్పినట్టే. నాలుగు రోజుల్లో పట్టేసింది. అయిదో రోజు ఆ పలక మీదే ఇంగ్లిష్ 'ఈ' (e) మెలికలు వరసగా తిప్పించాను, చివరిదాకా బలపం లేవలేదు.

ఇంక అయిపోయిందనుకున్నా. ఫిషింగ్ హార్బర్‌లో పడవలు చూసొచ్చిన సాయంత్రం పాప బోట్ అని రాసి చూపించింది. నాకు బాట్ అని కనిపించింది.

నాలుగు గీతల పుస్తకం ముందేసుకుని చూస్తే అప్పుడు అర్థమైంది. ఏ, సి, ఎన్ లాంటి చాలా అక్షరాల తోక కింది నీలం గీత మీద ముగుస్తుంది, అక్కణ్ణించి వాలుగా పైకి లేస్తే పక్క అక్షరం వస్తుంది. బి, ఓ, వి, డబ్ల్యూ మాత్రం అలా కాదు. వాటి తోక పై నీలం గీత దగ్గరే ఆగుతుంది. కిందికి దిగకుండా, ఉయ్యాల తాడులా కొంచెం వంగి పక్కదాన్ని అందుకోవాలి. పాప 'ఓ' తోకని కింది గీత దాకా దించేసేది. 'ఓ' పక్కన గీత దిగిందంటే అది 'ఏ' అయిపోయినట్టే.

అప్పట్నుంచి మాటలు మానేసి జంటలు రాయించాను. ఓ-ఏ, ఓ-ఎన్, బి-ఈ, డబ్ల్యూ-ఆర్. రోజుకి పది నిమిషాలే, అంతకు మించితే పాపకీ టెన్షన్, నాకూ టెన్షన్. అన్నిట్లోకీ మొండిది వి-ఈ. 'ఈ' మామూలుగా కింద నుంచి లేచి మెలిక తిరుగుతుంది. పైనుంచి వస్తే ఆ మెలికకి చోటు సరిపోదు, కాస్త దిగి తిప్పాలి. ఫైవ్ అనే ఒక్క మాటకి మూడు రోజులు పట్టింది. పైగా మన వైజాగ్ ఉక్కపోత! చెమటకి మణికట్టు కాగితానికి అతుక్కుపోయి పెన్సిల్ మసి అంతా అలుక్కుపోయేది. చెయ్యి కింద రుమాలు మడిచి పెట్టాం. పుస్తకాన్ని కొంచెం ఎడమకి వాల్చాక మోచెయ్యి కూడా సులువుగా కదిలింది.

దసరా సెలవులకి ముందు ఇంగ్లిష్ టీచర్ గుడ్ అని రాశారు. ఆ వారమే తెలుగు పుస్తకం తిరిగొచ్చింది. 'పడవ' అన్న మాటలో మూడక్షరాలనీ పాప ఒకదాంతో ఒకటి కలిపేసింది, చుట్టూ ఎర్ర సున్నా. అత్తగారు కళ్లజోడు పెట్టుకుని చూసి ఒకటే నవ్వు. "మా నాన్న కాగితాలన్నీ ఇదే రాత, గొలుసుకట్టు. దీనికెవరు నేర్పారే?"