ఇంకో గంట ఉడకనివ్వండి

మా నాన్నకి డెబ్బై నాలుగేళ్లు. దవడ పళ్లు కుడివైపు రెండు, ఎడమవైపు ఒకటి మిగిలాయి. పంది కూరంటే ఆయనకి ప్రాణం. మాది రాజాం దగ్గర ఊరు. రాజాం అప్పుడు శ్రీకాకుళం జిల్లాలో ఉండేది, 2022లో విజయనగరం జిల్లాలోకి వచ్చింది. కనుమ నాడు మా వీధిలో ఎండుగడ్డి మంట మీద పందిని కాల్చి, తోలు గీకి, వాటాలు వేసుకునేవారు. అమ్మ పొద్దున్నే కట్టెల పొయ్యి మీదకి ఎక్కించిన డేక్షాని మధ్యాహ్నం దాటాక గాని దించేది కాదు.

ఇప్పుడు నాన్న విజయనగరంలో మా ఇంట్లోనే ఉంటున్నారు. నేను కుక్కర్లో వండిన కూరలో ముక్కలు కంచం అంచుకి నెట్టేసి, పులుసు ఒక్కటే అన్నంలో కలుపుకోవడం రెండేళ్లుగా చూస్తున్నాను. "ముక్క బాగుందమ్మీ, నా పళ్లే బాలేవు" అనేవారు. తప్పు పళ్లది కాదని ఈమధ్యే తెలిసింది.

అమెరికాలో ఉన్న తమ్ముడు నాకు ఫోన్ చేసి, "అప్పా, కంట్రీ స్టైల్ రిబ్స్ చేశాను, చెంచా తగిలిస్తే విడిపోతున్నాయి" అన్నాడు. కంట్రీ అంటే నాటు పంది అనుకున్నాను. కాదట, అక్కడ ఒక కోతకి ఆ పేరు. పేరులో పక్కటెముకలున్నా, ఆ ముక్కలు ఎక్కువగా జబ్బ నుంచి, లేదా వీపు మాంసం జబ్బతో కలిసే చోటు నుంచి వస్తాయి. పంది రోజంతా మోపి నడిచే భాగం కాబట్టి అక్కడ కండ గట్టిగా ఉంటుంది, మధ్యమధ్యలో కొవ్వూ తెల్లటి పీచూ ఎక్కువ. వీపు నుంచి తీసిన ముక్క లేతరంగులో, కొవ్వు తక్కువగా ఉంటుంది. అది ఎక్కువసేపు ఉడికితే పొడిబారుతుంది. రెండూ ఒకే గిన్నెలో వేస్తే ఒకటి తప్పకుండా పాడవుతుంది. అందుకని జబ్బ ముక్కలే అడిగి తెచ్చుకోవాలి.

ఆదివారం ఏడు గంటలకే మాంసం కొట్టుకి వెళ్లాను. కొట్టాయన అలవాటుగా చింతమొద్దు మీద పెట్టి చిన్నచిన్న ముక్కలు కొట్టబోతుంటే ఆపాను. రెండు వేళ్ల మందం, అరచేయంత పొడుగు, ఎముకతో కావాలన్నాను. "ఇంత లావు ముక్కలేటమ్మా, ఉడకవు" అన్నాడు. "ఉడుకుతాయి బాబూ, గంటలు పట్టినా పరవాలేదు" అన్నాను. కిలో తెచ్చి, కడిగి, నీరంతా ఒత్తేసి, మూడు చిన్న చెంచాల ఉప్పు, పసుపు, దంచిన మిరియాలు, వెల్లుల్లి ముద్ద పట్టించి నాలుగు గంటలు ఫ్రిజ్‌లో పెట్టాను. రాత్రంతా ఉంచగలిగితే ఇంకా మంచిది, ఉప్పు లోపలికి దిగుతుంది.

పన్నెండు గంటలకి ట్రేలో ముక్కలు పరిచి, పావు గ్లాసు నీళ్లు పోసి, పైన ఫాయిల్ గాలి పోకుండా మూసి, చిన్న ఓవెన్‌లో 150 డిగ్రీల మీద పెట్టాను. గంట తర్వాత తీసి గుచ్చి చూస్తే రబ్బరులా ఉంది. పాత రోజుల్లో అయితే ఎక్కువ ఉడికి బిరుసెక్కిందనుకుని అక్కడే ఆపేసేదాన్ని. ఇన్నేళ్లూ నేను చేసిన తప్పు అదే. 65, 70 డిగ్రీలు దాటేసరికి కండ ముడుచుకుని నీరు వదిలేస్తుంది. అప్పటికి పీచు కరగడం మొదలైనా సగం కూడా అవదు. లోపలి వేడి 90 దాటి, అక్కడే కాసేపు నిలిచాక పీచు జిగురుగా మారి ముక్కని మెత్తబరుస్తుంది. అంటే జబ్బ ముక్క గట్టిగా తగిలిందంటే ఇంకా ఉడకలేదని అర్థం. మా అత్తయ్య బద్దెపురుగు భయంతో పంది ముట్టరు. ఇంతసేపు ఇంత వేడి మీద ఉడికితే ఆ పురుగు బతకదని ఆవిడకి కూడా చెప్పాను.

గంటన్నర అయ్యేసరికి కరెంటు పోయింది. టెన్షన్ పడ్డాను, అబద్ధం ఎందుకు. వెంటనే ముక్కల్ని రసంతో సహా అమ్మ డేక్షాలోకి మార్చి, గ్యాస్ మీద అట్ల పెనం పెట్టి, దాని మీద డేక్షా ఉంచి, మూత పెట్టి సన్నటి సెగ మీద వదిలేశాను. పెనం అడుగున ఉంటే సెగ నేరుగా తగలదు, మాడదు. ఇంకో గంటా పది నిమిషాలు పట్టింది. చెంచా కాడతో నొక్కితే ఎముక దానంతట అదే జారింది.

అమెరికా వాళ్లు పైన తియ్యటి పుల్లటి సాస్ పూస్తారట. నేను నిమ్మకాయంత చింతపండు పులుసు, అనకాపల్లి బెల్లం, ఎండుమిర్చి ముద్ద, అర చెంచా ఆవపొడి కలిపి చిక్కబడేదాకా మరిగించాను. బెల్లం ముందే వేస్తే మాడి చేదొస్తుంది కాబట్టి ఇది చివర్లోనే. డేక్షాలో పైకి తేలిన కొవ్వు తీసి మూకుట్లో వేసి, ముక్కల్ని అందులో ఎర్రగా కాల్చి, పులుసు పోసి రెండు నిమిషాలు తిప్పాను. మాంసం విడిపోతుంది కాబట్టి గరిటె పెట్టకుండా మూకుడే ఊపాలి.

నాన్న మొదట అలవాటుగా పులుసే కలుపుకున్నారు. "ముక్క చూడండి నాన్నా" అన్నాను. వేలితో నొక్కి చూసి, నోట్లో పెట్టుకుని, ఏమీ మాట్లాడలేదు. రెండోది వేసుకున్నారు. మూడోది అయ్యాక ఎముక పక్కన పెట్టి, "డేక్షా మీ అమ్మదేనా?" అని అడిగారు. అవునన్నాను. "అడుగున రసం ఏటైనా మిగిలిందా అమ్మీ?" అన్నారు. డేక్షా తెచ్చి ఆయన అన్నం మీద వంచాను.